కలుపుపై కత్తిగట్టిన జెథ్రో టల్

కలుపు తియ్యటం ఎంత కష్టమో వ్యవసాయ కూలీలకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఎండనక వాననక, వంచిన నడుం ఎత్తకుండా సాలు వెంబడి జరుగుతూ గడ్డి పీకే ఆడకూలీల చేతుల మీదే మన పంటలు నిలబడుతున్నాయి. అదునులో తీస్తే రెండు వేళ్లతో ఊడొచ్చే మొక్క, పది రోజులు ఆలస్యమైతే దుబ్బుకట్టి కూర్చుంటుంది. అప్పుడు గుంజితే పైరు కూడా కదిలి వస్తుంది. ఈ సంగతి మన రైతుకు తెలుసు, కూలికి అంతకన్నా బాగా తెలుసు. కాని దీన్ని ఒక పద్ధతిగా పుస్తకంలో రాసి, అందుకు తగిన పనిముట్లు తయారుచేసి, యూరప్ అంతటా చర్చ లేవదీసినవాడు జెథ్రో టల్ అనే ఇంగ్లండు వాసి. ఆయన చనిపోయి 280 ఏళ్లు దాటింది.

ఎక్కడో ఇంగ్లండులో మూడు శతాబ్దాల కిందట బతికినవాడి కథ మనకెందుకని కొందరు అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. కలుపును ఎప్పుడు చంపాలి అనే ప్రశ్నకు ఆయన చెప్పిన జవాబు ఈనాటికీ చెల్లుతుంది, అది మొదటి కారణం. ఆయన కనిపెట్టిన యంత్రం కూలీలతో వచ్చిన తగాదాలోంచే పుట్టింది, అది రెండోది. పొలంలోకి కొత్త పనిముట్టు వచ్చినప్పుడు లాభం ఎవరికి, నష్టం ఎవరికి అనే లెక్క ఈ ఒక్క జీవితంలో చాలావరకు తేలుతుంది.

లాయరు చదువు, రైతు బతుకు

టల్ 1674లో ఇంగ్లండులోని బెర్క్‌షైర్ జిల్లా బేసిల్డన్ గ్రామంలో పుట్టాడు. భూములున్న కుటుంబం. 1691లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో చేరాడు గాని పట్టా తీసుకోలేదు. తర్వాత లండన్‌లో న్యాయశాస్త్రం చదివి 1699లో లాయరుగా అర్హత సంపాదించాడు. ఆ ఏడాదే పెళ్లి కూడా అయింది. కోర్టుకు వెళ్లి వాదించే బతుకు మాత్రం ఆయనకు రాసిపెట్టిలేదు. ఒకపక్క ఆరోగ్యం బాగాలేదు, ఊపిరితిత్తుల జబ్బు పీడించింది. దాంతో తండ్రి భూమి ఉన్న హౌబెరీ అనే చోట సేద్యంలోకి దిగాడు. ఇది థేమ్స్ నది ఒడ్డున వాలింగ్‌ఫర్డు పట్టణం దగ్గర ఉంది.

కాబట్టి ఒక మాట ముందే చెప్పుకోవాలి. టల్ నాగలి మేడి పట్టి పెరిగినవాడు కాడు. పొలం గట్టు మీద నిలబడి పని చేయించే కామందు. సేద్యం మీద మొదట్లో ఆయనకు ఇష్టం కూడా లేదు. అయితే ఒక్క మంచి గుణం ఉంది. తాతలనాటి నుంచీ ఇలాగే చేస్తున్నాం అనే జవాబుతో ఆయన తృప్తిపడేవాడు కాడు. ఎందుకు, ఎంత, ఎప్పుడు అని అడిగేవాడు. విత్తనం ఎంత లోతున పడితే బాగా మొలుస్తోందో తవ్వి చూసేవాడు. మొక్క వేరు ఎంత దూరం పాకుతోందో కొలిచేవాడు.

ఆ రోజుల్లో ఇంగ్లండులో గోధుమ, బార్లీ గింజల్ని చేత్తో వెదజల్లేవారు. సంచి మెడకు తగిలించుకుని పిడికిళ్లతో చల్లుకుంటూ పోవటమే. గింజ ఒకచోట కుప్పగా పడుతుంది, మరోచోట అసలు పడదు. కొంత పైనే ఉండి పిట్టల పాలవుతుంది. మొలిచాక పైరుకూ పైరుకూ మధ్య దారి ఉండదు. కలుపు తియ్యాలంటే ఆడవాళ్లు, పిల్లలు చేతుల్తోనో చిన్న కొక్కేలతోనో పైరు తొక్కుకుంటూ తియ్యాలి. అడవి ఆవ, ఎర్ర గసగసాలు, గరికలాంటి పాకుడుగడ్డి పొలాన్ని కమ్మేసేవి. అవి మరీ పెరిగిపోతే ఒక ఏడాది పొలాన్ని బీడు పెట్టి, మళ్లీ మళ్లీ దున్ని కలుపును చంపటం ఒక్కటే మార్గం. అంటే కలుపు మూలంగా ఒక ఏడు పంటే పోయేదన్నమాట.

కూలీలతో తగాదా

టల్ తన పొలంలో సాన్‌ఫాయిన్ అనే పశుగ్రాసం వెయ్యాలనుకున్నాడు. మన పిల్లిపెసర, జనుము లాగ అదీ పప్పుజాతి మొక్కే. ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. విత్తనం ఖరీదు. అందులోనూ చాలా గింజలు మొలవవు. ఏ గింజలు మొలుస్తాయి, ఏ లోతున మొలుస్తాయి అని పరీక్షించి, సన్నని సాళ్లు తీసి, తక్కువ గింజలు పలచగా వేసి పైన మట్టి కప్పమని కూలీలకు చెప్పాడు. మొదట వేసినప్పుడు పంట బ్రహ్మాండంగా వచ్చింది. మరుసటి ఏడు మరింత భూమిలో ఆ పద్ధతిలోనే వెయ్యమంటే కూలీలు ఎదురుతిరిగారు. చెప్పినట్టు వెయ్యలేదు. టల్ వాళ్లను పనిలోంచి తీసేశాడు.

ఈ కథ మనకు టల్ రాసిన పుస్తకం ద్వారానే తెలుసు. కూలీలు మొండివాళ్లు, కట్టుగా తనను దెబ్బతీశారు అన్నది ఆయన వాదన. కూలీల వాదన ఏమిటో ఎక్కడా లేదు. కలం ఆయన చేతిలో ఉంది, వాళ్ల చేతిలో లేదు. అందుచేత వాళ్ల పక్షాన కొంచెం ఆలోచించి చూడటం మన బాధ్యత.

ఆనాటి ఇంగ్లండులో కూలి రేటు ఎంత ఉండాలో నిర్ణయించే అధికారం స్థానిక మేజిస్ట్రేట్లది. 1563 నాటి చట్టం వాళ్లకు ఆ అధికారం ఇచ్చింది. ఆ మేజిస్ట్రేట్లు ఎవరు? భూస్వాములే. అంతకంటే ఎక్కువ అడిగిన కూలికి శిక్ష. గడువు తీరకుండా పని వదిలి వెళ్లినా శిక్షే. అలాంటి చోట నడుం వంచి గీతలు గీసి, గింజ గింజా లెక్కబెట్టి వెయ్యమంటే పని రెట్టింపవుతుంది. కూలి పెరిగిందా? ఆ మాట టల్ పుస్తకంలో మనకు కనబడదు. అప్పటిదాకా గింజ చల్లటంలో ఉన్న నేర్పు కూలివాడి సొంతం. ఎంత పిడికిలి, ఎంత విసురు, ఎంత నడక అన్నది వాడికే తెలుసు. ఆ నేర్పుకు విలువ లేదని యజమాని అన్నప్పుడు కూలివాడి మనసు ఎలా ఉంటుందో మన పాఠకులకు వేరే వివరించక్కర్లేదు.

టల్ మాత్రం మరో దారి పట్టాడు. మనుషులు తాను కోరినట్టు వెయ్యకపోతే, కోరినట్టు వేసే యంత్రాన్నే తయారుచెయ్యాలని పంతం పట్టాడు.

సంగీత వాద్యంలోంచి గొర్రు

చిన్నతనంలో టల్ ఆర్గన్ వాయించటం నేర్చుకున్నాడు. చర్చిలో వాడే పెద్ద గాలి వాద్యం అది. అందులో గాలిని వదలటానికీ ఆపటానికీ ఒక గాడి, ఒక నాలుక, ఒక స్ప్రింగు ఉంటాయి. గాలికి బదులు గింజను పెడితే? ఆ ఆలోచనే ఆయన యంత్రానికి మూలం. 1701 ప్రాంతంలో అది తయారైంది.

యంత్రం పనిచేసే తీరు ఇది. పైన విత్తనాల పెట్టె. దాని అడుగున గాళ్లు కోసిన దిమ్మె. బండి చక్రం తిరుగుతుంటే దిమ్మె తిరుగుతుంది. ఒక్కో గాడిలో కొన్ని గింజలే పట్టి కిందికి జారతాయి. స్ప్రింగు ఎక్కువ గింజలు పడకుండా ఆపుతుంది. ముందున్న కొర్రు నేలలో సన్నని సాలు తీస్తుంది. గింజ ఆ సాలులో పడుతుంది. వెనక ఉన్న పళ్ల దంతె మట్టి కప్పుతుంది. గుర్రం లాగుతూ పోతే ఒకేసారి మూడు సాళ్లు. వెదజల్లే పద్ధతిలో పట్టే విత్తనంలో మూడో వంతుతో సరిపోతుందని టల్ లెక్క.

విత్తనం ఆదా ఒక లాభమే. కాని అసలు లాభం వేరే ఉందని టల్‌కు కొన్నేళ్ల తర్వాతగాని తెలియలేదు.

ద్రాక్షతోటల్లో నేర్చిన పాఠం

1709లో ఆయన హౌబెరీ వదిలి షాల్‌బర్న్ గ్రామం దగ్గరి మరో పొలానికి మకాం మార్చాడు. ఆ పొలం పేరు ప్రాస్పరస్, అంటే సిరిసంపదల పొలమని అర్థం. పేరే గాని నేల సారంలేనిది. గుట్టల మీది సున్నపు నేల. 1711లో జబ్బు ముదిరి, వెచ్చని గాలి కోసం ఫ్రాన్స్, ఇటలీ దేశాలకు వెళ్లాడు. 1714 దాకా అక్కడే తిరిగాడు.

దక్షిణ ఫ్రాన్సులోని లాంగ్డాక్ ప్రాంతంలో ద్రాక్షతోటలు చూశాడు. అక్కడి రైతులు ద్రాక్షను వరసల్లో నాటి, వరసల మధ్య నాగలితో మాటిమాటికీ దున్నుతున్నారు. కలుపు లేదు. నేల గుల్లగా ఉంది. పశువుల ఎరువు వెయ్యకుండానే తీగలు ఏపుగా ఉన్నాయి. పైరు నిలిచి ఉండగా దున్నటమా అని ఇంగ్లండు రైతు ఆశ్చర్యపోయే పని అది. టల్‌కు దారి దొరికింది. వెదజల్లిన పొలంలో ఇది సాధ్యం కాదు, గుర్రం అడుగు పెట్టటానికి చోటుండదు. సాళ్లలో వేసిన పొలంలో సాధ్యం. సాళ్లు వెయ్యటానికి యంత్రం తన దగ్గర అప్పటికే ఉంది.

ఇంటికి వచ్చి ముందు టర్నిప్ దుంపల్లో, బంగాళాదుంపల్లో ప్రయత్నించాడు. తర్వాత గోధుమలో. రెండు మూడు సాళ్లు దగ్గరగా వేసి, పక్కన వెడల్పు బాట వదిలి, మళ్లీ రెండు మూడు సాళ్లు. ఆ బాటలో గుర్రం కట్టిన గుంటక నడిపాడు. దానికి గుర్రపు గుంటక సేద్యం అని పేరు పెట్టాడు. అలా ఒకే చేలో ఎరువు లేకుండా వరసగా 13 ఏళ్లు గోధుమ పండించాడు.

అదును అంటే ఏమిటి?

కలుపు గురించి టల్ తన పుస్తకంలో ఒక అధ్యాయమే రాశాడు. అందులోని సారాంశాన్ని మన మాటల్లో చెప్పుకుందాం.

కలుపు పైరుకు పెట్టే అన్నాన్ని దొంగిలిస్తుంది. ఎంత పెద్దదయితే అంత దొంగిలిస్తుంది. పెద్దయ్యాక పీకితే చెట్టు పోతుందిగాని తిన్న తిండి తిరిగి రాదు. గింజ రాలిస్తే ఆ గింజ నేలలో ఏళ్ల తరబడి దాక్కుని, మట్టి కదిలినప్పుడల్లా కొంచెం కొంచెం మొలుస్తుంది. కాబట్టి కలుపు కనబడ్డాక యుద్ధం ప్రకటించటం ఆలస్యం చేసినట్టే. మొలక పడగానే నేల కదపాలి. కొత్త మొలకలు వస్తాయి. వాటినీ కదపాలి. ఒక పెద్ద దెబ్బ కంటే సమయానికి వేసిన నాలుగు చిన్న దెబ్బలు మేలు.

ఆయన గోధుమకు ఇచ్చిన వరస కూడా ఇలాంటిదే. అక్కడ గోధుమ శరదృతువులో వేస్తారు, మరుసటి వేసవిలో కోస్తారు. చలి ముదరకముందే సాలు పక్క మట్టిని బాటలోకి తిప్పుతూ మొదటిసారి దున్నాలి. శీతాకాలపు మంచుకు ఆ గడ్డలు పగిలి పొడి అవుతాయి. పెద్ద మంచు పోయి వసంతం రాగానే ఆ మట్టిని తిరిగి సాలు మొదట్లోకి తిప్పాలి. నేల వెచ్చబడగానే కలుపు గింజలు బిలబిలా లేచే కాలం అదే. గుంటక అప్పుడే పడాలి. ఆ తర్వాత కలుపును బట్టి, నేలను బట్టి మళ్లీ మళ్లీ నడపాలి. ఆ దేశంలో వసంతం ఎంత ముఖ్యమో మనకు తొలకరి అంత ముఖ్యం. నేల తడిసి, గడ్డిగింజ కన్ను విప్పే వేళ రెండుచోట్లా ఒకటే.

పని ఒప్పు, కారణం తప్పు

టల్ చేసిన పని మంచిదే గాని, దానికి ఆయన చెప్పిన కారణం తప్పు. మొక్కలు మట్టినే తింటాయని ఆయన నమ్మాడు. నేలను ఎంత పొడి చేస్తే ఆ రేణువులు వేళ్లలోకి అంత బాగా వెళతాయి, కాబట్టి దున్నటమే ఎరువు, పశువుల పెంట అక్కర్లేదు అన్నాడు. పెంటలో కలుపు గింజలు వస్తాయని అభ్యంతరం చెప్పాడు. ఆ ఒక్క మాట నిజమే, సరిగా మాగని పెంటతో కలుపు వస్తుంది. దానికి విరుగుడు పెంటను బాగా మాగపెట్టటం. మానెయ్యటం విరుగుడు కాదు.

మొక్క మట్టి రేణువుల్ని తినదు. నీటిలో కరిగిన నత్రజని, భాస్వరం, పొటాష్ వంటి లవణాల్ని వేళ్లతో తీసుకుంటుంది, ఆకులతో గాలినీ వెలుగునూ వాడుకుంటుంది. ఈ సంగతి శాస్త్రజ్ఞులు తేల్చటానికి ఆయన తర్వాత మరో వందేళ్లు పట్టింది. మరి టల్ పొలం ఎందుకు పండింది? కలుపు పోవటంవల్ల ఉన్న సారం పైరుకే దక్కింది. గుల్లబారిన నేలలో గాలి ఆడింది, తేమ నిలిచింది. నేలలో పాతగా ఉన్న సేంద్రియ పదార్థం కరిగి పైరుకు అందింది. అయితే అది నేల నిల్వలోంచి తీసి ఖర్చుపెట్టటం. నిల్వ తరిగాక ఏం చేస్తారు? ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843 నుంచి ఒక గోధుమ మడికి ఎరువు వెయ్యకుండా పండిస్తూ వస్తున్నారు. పంట రావటం ఆగలేదు గాని, ఎరువు వేసిన మళ్ల పంటలో అది కొద్ది భాగమే. టల్ పద్ధతిలోని లోపం ఆ మడి చూపిస్తుంది.

1731లో కొంత భాగం, 1733లో పూర్తి పుస్తకం అచ్చయ్యాయి. వెంటనే దాడి మొదలయింది. స్టీఫెన్ స్విట్జర్ అనే రచయిత, ఆయన మిత్రులు కలిసి టల్ ఇతరుల భావాలు దొంగిలించాడని రాశారు. టల్ మంచం మీద ఉండే అనుబంధాలు అచ్చువేసి జవాబులిచ్చాడు. 1741 ఫిబ్రవరి 21న ప్రాస్పరస్ పొలంలోనే చనిపోయాడు. పుట్టిన ఊరు బేసిల్డన్‌లో సమాధి చేశారు. అప్పటికి ఇరుగుపొరుగు రైతులు ఆయన పద్ధతిని అందిపుచ్చుకున్నది తక్కువే. యంత్రం ఖరీదు, రిపేరు కష్టం. 1750 నుంచి ఫ్రాన్సులో దుహామెల్ అనే శాస్త్రజ్ఞుడు టల్ సిద్ధాంతాల మీద పుస్తకాలు రాసి ప్రచారం చేశాడు. ఇంగ్లండులో 1782లో జేమ్స్ కుక్ అనే మతాచార్యుడు మెరుగైన విత్తన యంత్రం చేశాక, ఆ తర్వాతి శతాబ్దంలోగాని అది పొలాల్లో మామూలు కాలేదు.

మన గొర్రు సంగతి

సాళ్లలో విత్తటం టల్ కనిపెట్టాడని బడి పుస్తకాల్లో రాస్తుంటారు. ఇది పూర్తి నిజం కాదు. బాబిలోనియాలో, చైనాలో క్రీస్తు పుట్టకముందే విత్తన గొట్టాలున్న నాగళ్లు ఉన్నాయి. మన దేశంలో గొర్రు సంగతి చెప్పనే అక్కర్లేదు. 1795లో థామస్ హాల్కాట్ అనే ఇంగ్లీషు సైనికాధికారి దక్షిణ భారతంలో పొలం మీదుగా పోతూ, రైతులు సాళ్లలో విత్తటం చూసి విస్తుపోయాడు. ఇది ఈమధ్య యూరప్‌లో పుట్టిన విద్య అనుకున్న ఆయన, ఇక్కడ తరతరాలుగా ఉన్నదని తెలుసుకుని తన దేశపు వ్యవసాయ మండలికి రాసి పంపాడు.

మన గొర్రుకు మూడు నుంచి ఆరు దాకా పళ్లు. ఒక్కో పంటికి ఒక వెదురు గొట్టం. గొట్టాలన్నీ పైన జడ్డిగం అనే చెక్కగిన్నెలోకి చేరతాయి. వెనక ఒక ఆడమనిషి నడుస్తూ పిడికిట్లోంచి గింజలు జడ్డిగంలోకి వదులుతుంది. అన్ని గొట్టాల్లోకి సమంగా పోవాలి. నడక తడబడకూడదు, పిడికిలి బిగుసుకోకూడదు. ఆ చేతివాటం ఏళ్ల తరబడి పనిచేస్తేగాని రాదు. ఆ సాళ్ల మధ్యే తర్వాత గుంటక, దంతె నడిచి కలుపును కోస్తాయి. టల్ సేద్యం మొత్తం ఇందులో ఉంది.

ఒక్క తేడా ఉంది, అది చిన్నది కాదు. గొర్రులో గింజ కొలత మనిషి చేతిలో ఉంది. టల్ యంత్రంలో గింజ కొలత పెట్టెలో ఉంది. పెట్టె యజమానిది. కూలీల చేతిలోని నేర్పును పెట్టెలోకి మార్చటమే తన ఉద్దేశమని టల్ దాచుకోలేదు కూడా.

యంత్రం ఎవరి చేతిలో?

టల్ పోయాక ఇంగ్లండు పల్లె తలకిందులయింది. 1760 తర్వాత పార్లమెంటు వేల సంఖ్యలో చట్టాలు చేసి ఉమ్మడి బీళ్లకు, పొలాలకు కంచెలు వేయించింది. ఆవును మేపుకునే చోటు, పుల్ల ఏరుకునే చోటు పోయి పేదరైతు ఉత్త కూలివాడయ్యాడు. పెద్ద కమతాల్లో కొత్త యంత్రాలు దిగాయి. చలికాలంలో కూలీలకు దొరికే ముఖ్యమైన పని గింజ నూర్పిడి. నూర్పిడి యంత్రం ఆ పనీ లాక్కుంది.

1830లో కూలీలు తిరగబడ్డారు. కెంట్ జిల్లాలో మొదలై దక్షిణ ఇంగ్లండంతా పాకింది. కూలి పెంచమని అడుగుతూ నూర్పిడి యంత్రాలు పగలగొట్టారు. ఆ నవంబరులో టల్ పొలానికి కొద్ది మైళ్ల దూరంలోని హంగర్‌ఫర్డు, కింట్‌బరీ కూలీలు కూడా లేచారు. ప్రభుత్వం సైన్యాన్ని దించింది. మొత్తం 19 మందిని ఉరితీశారు. 480 మందికి పైగా ఆస్ట్రేలియా ద్వీపాంతరం పంపారు. వందలమందిని జైళ్లలో పెట్టారు.

ఇక్కడ విలియం కాబెట్ పేరు చెప్పుకోవాలి. కూలీల పక్షాన పత్రిక నడిపి, సైనికుల్ని కొరడాలతో కొట్టటాన్ని ఖండించినందుకు రెండేళ్లు జైలుకు వెళ్లిన మనిషి. ఈ తిరుగుబాటును సమర్థించాడని 1831లో ఆయన మీద కేసు పెట్టారు. జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేక కేసు వీగిపోయింది. అదే కాబెట్ 1822లో టల్ పుస్తకాన్ని తిరిగి అచ్చువేశాడు. కూలీలకు అండగా నిలిచినవాడే కూలీలతో తగవుపడినవాడి పుస్తకాన్ని ఎందుకు వేశాడు? అందులో ఉన్న సేద్యం తెలివి కామందు సొత్తు కారాదనీ, చిన్న కమతం రైతుకూ అందాలనీ మనం అర్థం చేసుకోవచ్చు. తెలివి ఎవరి నోటినుంచి వచ్చినా తీసుకోవాలి. దాని ఫలితం ఎవరి ఇంటికి పోతోందో అడగటం మానకూడదు.

ఈనాడు మనం తెలుసుకోవలసింది

టల్ చెప్పిన అదును సూత్రాన్ని శాస్త్రజ్ఞులు ఇప్పుడు రోజుల లెక్కలో చెబుతున్నారు. పైరు కాలంలో మొదటి మూడో వంతు కలుపు లేకుండా చూస్తే దిగుబడి చాలావరకు దక్కుతుంది. నాలుగు నెలల పంటకు సుమారు మొదటి 40 రోజులు. ఆ తర్వాత పైరే కమ్ముకుని కలుపును అణుస్తుంది. ఆ 40 రోజులు గడిచాక ఎంత డబ్బు పోసి తీయించినా పోయిన దిగుబడి తిరిగి రాదు.

మందుల విషయంలోనూ ఇదే. విత్తిన వెంటనే చల్లే పెండిమిథాలిన్ వంటి మందు మొలకెత్తే గింజ మీదే పనిచేస్తుంది. విత్తిన ఒకటి రెండు రోజుల్లో, నేల పదునుగా ఉన్నప్పుడు చల్లాలి. కలుపు లేచి ఆకు వేశాక అది చల్లటం డబ్బు మట్టిలో పొయ్యటమే. దుంపల నుంచి వచ్చే తుంగకు, వేరుతో పాకే గరికకు అది లొంగదు. దుకాణంవాడు ఈ సంగతి చెప్పకుండా డబ్బా అంటగడితే రైతు అడగాలి. చల్లే కూలికి చేతి తొడుగులు, మొహానికి గుడ్డ, ఒళ్లంతా కప్పే బట్ట ఇవ్వకుండా పంపు భుజాన పెట్టే యజమానిని కూలి అడగాలి.

మందు అక్కర్లేని దారీ ఉంది. 2003 ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన శ్రీ వరి పద్ధతిలో లేత నారును 25 సెంటీమీటర్ల ఎడంతో చదరంగా నాటి, పది పన్నెండు రోజుల నుంచే వీడరు నడుపుతారు. కలుపు మట్టిలో కలిసి ఎరువవుతుంది. ఎడం, సాలు, చిన్నప్పుడే దెబ్బ వెయ్యటం, ఇవన్నీ టల్ పాఠాలే. అయితే బురదలో వీడరు తొయ్యటం తేలిక పని కాదు. పనిముట్టు మారినప్పుడు కూలి రేటు కూడా మారాలి.

కలుపుతీత మన పల్లెల్లో ఆడవాళ్ల బతుకుతెరువు. మందు డబ్బా వచ్చి ఆ పనిదినాలు తగ్గుతున్నాయి. డబ్బాను పగలగొట్టమని మనం చెప్పటం లేదు. వంగి పనిచేసే కష్టం తగ్గాల్సిందే. కాని తగ్గిన కష్టం పస్తుగా మారకూడదు. కలుపు ఖర్చు మిగిలిన రైతు ఆ మిగులులో కూలికి వాటా ఇవ్వాలి, పోయిన పనిదినాలకు బదులు పని ప్రభుత్వం చూపాలి. ఈ రెండు కోర్కెలూ సంఘంగా నిలబడి అడిగితేనే దక్కుతాయి.

అదునులో కలుపు తీయించుకోవాలంటే అదునులో కూలీలు కావాలి. ఆ మొదటి 40 రోజుల్లో రైతుకు కూలి అవసరం ఎంత ఉందో కూలీలు గుర్తించాలి. కూలి రేటు మాట్లాడుకోవటానికి అదునూ అప్పుడే. చిన్న రైతు, కూలి ఎదురెదురుగా కూచుని, ఎకరానికి ఎంతమంది, ఎన్ని తడవలు, ఎంత కూలి అన్నది తొలకరికి ముందే తేల్చుకుంటే ఇద్దరూ బాగుపడతారు. టల్ తన కూలీలతో ఆ పని చెయ్యలేదు. యంత్రం చేసుకుని వాళ్లను పంపేశాడు. ఆయన దగ్గర కలుపు సంగతి నేర్చుకుందాం. కూలీల సంగతి మాత్రం ఆయన్ని చూసి కాకుండా మనం కూచుని మాట్లాడి తేల్చుకుందాం.